టేపు వేరు, బంక వేరు

కంప్లి నుంచి గంగావతి వైపు పోవాలంటే తుంగభద్ర మీద వంతెన దాటాలి. పైన డ్యాం గేట్లు ఎత్తి నీళ్ళు గట్టిగా వదిలారంటే ఆ వంతెన మునుగుతుంది, రాకపోకలు ఆగిపోతాయి. శ్రావణ మాసపు ముహూర్తాలూ ఈ వరదలూ తరచు ఒకే రోజుల్లో పడతాయి. అవతలి ఒడ్డున వలస రైతుల క్యాంపు ఒకదానిలో పెళ్ళికి వెళ్ళిన తెల్లకారు అలాగే చిక్కుకుంది. పెళ్ళివారు హొసపేట మీదుగా చుట్టు తిరిగి వేరే బండ్లలో వచ్చేశారు. కారు మాత్రం పూలు వాడినా వాటిని అంటించిన టేపులు తీయకుండా, ముందు వానలోనూ తర్వాత ఎండలోనూ నిలబడి, వంతెన తెరిచాక ఇల్లు చేరింది.

ఇప్పుడు పెయింటు షెడ్డులో ఆ కారు ముందు నిలబడి వాదించుకుంటున్నవాళ్ళు ఇద్దరు. ఒకరు దాని యజమాని, పెళ్ళిళ్ళకూ తీర్థయాత్రలకూ బండ్లు అద్దెకిచ్చే పెద్దాయన. డ్యాం నీళ్ళు పారిన కొత్తలో ఆయన తండ్రి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ వరి వేశాడు. ఇంట్లో మాట ఇప్పటికీ ఆ జిల్లాదే. రెండోవాడు పెయింటరు, తాతల నాటి నుంచీ కంప్లివాడు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినా అతని షెడ్డులో లెక్కలు కన్నడంలో, కోపాలు తెలుగులో నడుస్తాయి.

యజమాని: అబ్బాయ్, ఇది రేపు పొద్దున్నే హొసపేట వెళ్ళాల్సిన బండి. అర లీటరు కిరోసిన్, ఒక బ్లేడు ఉంటే మా డ్రైవరే గంటలో గీకి పారేసేవాడు. ఊళ్ళో కిరోసిన్ దొరక్క నీ దగ్గరికి తెచ్చాను.

పెయింటరు: దొరకనిదే మేలయింది పెద్దాయనా. కిరోసిన్ సంగతి తర్వాత మాట్లాడదాం, ముందు ఆ బ్లేడు జోబులో పెట్టుకో.

యజమాని: ఏం? మా నాన్న అంబాసిడర్ని ఏళ్ళ తరబడి కిరోసిన్ గుడ్డతోనే తుడిచాడు. బంక కనిపిస్తే గోరుతోనో కత్తితోనో గీకేవాళ్ళం. ఏ రంగూ ఊడలేదు.

పెయింటరు: అంబాసిడర్ రంగు వేరు, దీని రంగు వేరు. దీనికి అడుగున ప్రైమరు, దాని మీద తెలుపు, ఆ పైన రంగు లేని క్లియర్ కోటు ఉండాది. నువ్వు చూసే మెరుపంతా ఆ పై పొరదే. దాని మందం ఎంతనుకుంటివి? నలభై యాభై మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా సన్నం. బ్లేడు కొస ఒక్కసారి దిగితే దాన్ని దాటి రంగులోకి పోతాది. అప్పుడు నువ్వు బంక తీసినందుకు కాదు, బానెట్టుకు పెయింటు వేసినందుకు నాకు డబ్బులియ్యాల.

యజమాని: అదీ నీ ఆదాయమేగా.

పెయింటరు: ఆదాయం కావాలంటే నీకు బ్లేడు నేనే ఇద్దును.

యజమాని: సరే, బ్లేడు వద్దు. చేత్తో లాగుదాం. ఇదుగో ఈ చివర పట్టుకుని ఒక్క గుంజు గుంజితే...

పెయింటరు: ఆగు ఆగు! ఆ డోరు మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దు. అది రీపెయింటు డోరు.

యజమాని: ఎవరు చెప్పారు నీకు? బండి కొన్నప్పటి నుంచీ దానికి దెబ్బే తగల్లేదు.

పెయింటరు: నువ్వు కొన్నప్పటి నుంచి తగలకపోవచ్చు. నీకు అమ్మినాయన చెప్పకపోయి ఉండొచ్చు. ఈ అద్దం కింది రబ్బరు బీడింగు చూడు, అంచు మీద తెల్ల పొగ పడినట్ల లేదా? స్ప్రే కొట్టేటప్పుడు మాస్కింగు సరిగ్గా చెయ్యలేదు. పక్క డోరుకు అట్ల లేదు. ముందు బంపరుకూ ఇదే కథ.

పెద్దాయన వంగి చూశారు. ఒప్పుకోలేదు గానీ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఈ వాదం మొత్తంలో పనికొచ్చే మొదటి మాట ఇదే అనిపించింది నాకు. టేపు ఎంత గట్టిది, బంక ఏ రకం అని అందరూ అడుగుతారు. అది దేనికి అతుక్కుందో అడిగేవాళ్ళు తక్కువ. కార్ల కంపెనీలో రంగు వేశాక బండిని దాదాపు 140 డిగ్రీల వేడి ఉన్న గదిలో కాలుస్తారు. అప్పటికి ప్లాస్టిక్ భాగాలు, సీట్లు, వైర్లు ఏవీ బిగించి ఉండవు కనుక అంత వేడి సాధ్యం. పూర్తయిన బండికి షెడ్డులో వేసే రంగును అంతగా కాల్చడం కుదరదు. మంచి బూత్ ఉంటే 60 డిగ్రీలు, లేకపోతే మామూలు గాలికి ఆరాల్సిందే. రెండూ ఒకే తెలుపులా కనిపిస్తాయి, టేపు లాగినప్పుడు గానీ తేడా తెలియదు. కింద పుట్టీ, ప్రైమరు సరిగ్గా పట్టని చోట టేపుతో పాటు రంగు రేకులు రేకులుగా లేచి వస్తుంది.

యజమాని: మరి ఎలా తీస్తావు? మంత్రం వేస్తావా?

పెయింటరు: ముందు కడుగుతా. నది దారిలో వచ్చిన బండి, మీద ఇసుక ఉండాది. ఇసుక మీద గుడ్డ పెట్టి రుద్దితే బంక పోయేలోపల గీతలు పడతాయి. తర్వాత హెయిర్ డ్రయ్యర్‌తో టేపును వేడి చేస్తా. చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి చాలు.

యజమాని: అదేదో ఆడపిల్లలు జుట్టు ఆరబెట్టుకునేదా! నీ దగ్గర అంత పెద్ద హీట్ గన్ ఉంది కదయ్యా.

పెయింటరు: అది కొన్ని వందల డిగ్రీలు కొడతాది. నాకు చెయ్యి అలవాటు కాబట్టి సరిపోయింది గానీ, నీ డ్రైవరు చేతికిస్తే బంపరు ప్లాస్టిక్ వంకర పోతాది, క్లియర్ కోటు బుడగలొస్తాది.

యజమాని: అయితే కరెంటు కూడా దండగే. మన ఎండ లేదా? బయట పెడితే రేకు మీద చెయ్యి పెట్టలేం. ఎండలోనే లాగేద్దాం.

పెయింటరు: కాసేపటి ఎండయితే సరే. కానీ ఈ టేపు రోజుల తరబడి ఎండలో ఉండె గదా. కాసేపటి వేడి బంకను మెత్తబరుస్తాది, నాలుగు రోజుల ఎండ గట్టిబరుస్తాది. మొదట బంక కరిగి రంగు మీద ఉన్న సన్న సన్న గుంతల్లోకి దిగుతాది, తర్వాత అక్కడే బిగుసుకుంటాది. పైనున్న ప్లాస్టిక్ పెళుసైపోతాది. చూడు, ఈ ప్యాకింగ్ టేపు పట్టుకుంటేనే ముక్కలు ముక్కలుగా చిట్లుతాంది. పూలు వాడిన రోజే తీసి ఉంటే ఇంత మాట ఉండేది కాదు.

యజమాని: వంతెన నేను ముంచానా?

పెయింటరు: టేపు తియ్యడానికి వంతెనతో ఏం పని? బండి ఉన్న చోటే తియ్యొచ్చు గదా.

దీనికి పెద్దాయన దగ్గర జవాబు లేదు. డ్రైవర్ని తిట్టారు, డ్రైవరు అక్కడ లేడు.

పెయింటరు డ్రయ్యర్ పెట్టి బానెట్టు మీది టేపు చివర లేపాడు. నిటారుగా పైకి లాగలేదు. టేపును దాని మీదికే వెనక్కి మడిచి, రేకుకు దాదాపు ఆనించి, మెల్లగా లాగాడు. పైకి లాగితే బలమంతా రంగును రేకు నుంచి లేపే వైపు పడుతుంది. వెనక్కి మడిస్తే ఆ బలం సన్నటి గీత వెంట టేపును మాత్రమే విడదీస్తుంది. రాయి తగిలి రంగు లేచిన ఒక చిన్న మచ్చ దగ్గరికి వచ్చేసరికి ఆగి, అక్కడ నూనె బొట్టు వేసి నానబెట్టాడు. టేపు ఊడింది గానీ బానెట్టు మీద బంక చారలు చారలుగా మిగిలింది. పెద్దాయనకు కావాల్సింది దొరికింది.

యజమాని: అదుగో! ఇదేనా నీ పనితనం? టేపు నీ చేతికొచ్చింది, జిగురంతా నా బండికే మిగిలింది. చల్లగా ఉన్నప్పుడు ఒక్క గుంజు గుంజితే జిగురు కూడా టేపుతోనే వచ్చేది. నేను చూశాను చాలాసార్లు.

పెయింటరు: నువ్వు చెప్పేది అబద్ధం కాదు. కొన్నిసార్లు వస్తాది.

యజమాని: మరి?

పెయింటరు: బెల్లం పాకం చూసి ఉంటావు గదా, కంప్లిలో ఉండి చూడకుండా ఎట్లుంటావు. వేడిగా ఉన్నప్పుడు మెల్లగా లాగితే సాగి రెండుగా తెగుతాది, సగం ఇటు, సగం అటు. చల్లారినాక గుంజితే సాగదు, అతుక్కున్న చోటి నుంచే పెళ్ళున ఊడుతాది. బంకా అంతే. చల్లగా, జోరుగా గుంజితే మొత్తం టేపుతో రావచ్చు, నిజమే. కానీ అప్పుడు పడే బలం చాలా ఎక్కువ. ఆ బలానికి ఏది ముందు ఊడుతాది? బంకకూ రంగుకూ మధ్య పట్టా, రంగుకూ రేకుకూ మధ్య పట్టా? కంపెనీ రంగయితే బంకే ఊడొచ్చు. ఆ రీపెయింటు డోరయితే నేను చెప్పలేను. వేడి చేసి మెల్లగా తీస్తే బంక మిగుల్తాది, మిగలనీ. మిగిలిన బంకను తియ్యడానికి నాకు నూరు దారులుండాయి. ఊడిన రంగును మళ్ళా అంటించడానికి ఒక్క దారీ లేదు.

యజమాని: అంటే రెండు పనులు చేస్తానంటావు.

పెయింటరు: రెండు పనులే. టేపు తియ్యడం ఒకటి, బంక తియ్యడం ఒకటి. రెంటినీ ఒక్క గుంజుతో చెయ్యాలనుకునేవాళ్ళే మా షెడ్డుకు వస్తారు.

మాస్కింగ్ టేపు పుట్టిందే ఈ గొడవలోంచి అని చాలామందికి తెలియదు. 1920ల్లో అమెరికాలో కార్లకు రెండు రంగులు వేయడం ఫ్యాషనయింది. ఒక రంగు వేసి, దాని మీద కాగితాలు అంటించి, రెండో రంగు కొట్టేవాళ్ళు. అంటించడానికి వాడిన జిగుర్లు, ఆసుపత్రి ప్లాస్టర్లు తీసేటప్పుడు అప్పుడే వేసిన రంగు కూడా ఊడొచ్చేది, పెయింటర్లు నోటికొచ్చినట్టు తిట్టుకునేవాళ్ళు. 3ఎం అప్పట్లో ఉప్పుకాగితం అమ్ముకునే కంపెనీ. ఆ కాగితాన్ని పరీక్షించడానికి సెయింట్ పాల్ పట్టణంలోని షెడ్డుకు వెళ్ళిన రిచర్డ్ డ్రూ అనే కుర్ర ఉద్యోగి ఈ తిట్లు విని, గట్టిగా పట్టుకునేదీ నష్టం లేకుండా ఊడేదీ ఒక పట్టీ చేస్తానన్నాడు. రెండేళ్ళు కుస్తీ పట్టి 1925లో మాస్కింగ్ టేపు తెచ్చాడు. సెల్లో టేపు చేసిందీ ఆయనే, 1930లో. కారు రంగును కాపాడడానికి పుట్టిన వస్తువు వందేళ్ళ తర్వాత కంప్లిలో కారు రంగుకే ఎసరు పెట్టింది. డ్రూ తప్పేమీ లేదు, ఆయన పూల దండలు అంటించమని చెప్పలేదు.

యజమాని: ఇప్పుడైనా కిరోసిన్ పోస్తావా? టేపు పోయింది, మిగిలింది జిగురే.

పెయింటరు: ముందు శనగనూనె పెడతా.

యజమాని: కారుకు తలంటు పోస్తావా ఏం!

పెయింటరు: నవ్వు, నవ్వు. నూనె పోసి పావుగంట వదిలెయ్యి. బంకలోకి ఇంకి అది ఉబ్బుతాది, పట్టు వదుల్తాది. తర్వాత బొటనవేలితో తోస్తే ఉండలు ఉండలుగా చుట్టుకొని వచ్చేస్తాది. నీలగిరి తైలమయితే ఇంకా తొందర, వాసన కూడా బాగుంటాది. కిరోసిన్ చేసేదీ ఇదే పని. అది కూడా నూనె జాతిదే.

యజమాని: మరి ఇంతసేపూ కిరోసిన్ని ఎందుకు తిట్టావు?

పెయింటరు: నేను తిట్టింది బ్లేడును. కిరోసిన్ సంగతి తర్వాత మాట్లాడదామంటిని. కంపెనీ రంగు మీద, నీడలో, గుడ్డకు తడి చేసుకొని రుద్దితే కిరోసిన్ ఏమీ చెయ్యదు. తర్వాత షాంపూతో కడిగెయ్యాల, లేకపోతే ఆ జిడ్డుకు దుమ్ము పడ్తాది. రబ్బరు బీడింగుల మీద నిలవనీయకూడదు, ఉబ్బుతాయి. అంతే. నిన్ను మెచ్చుకోవాల్సింది ఇంకోటి ఉంది. నువ్వు పెట్రోలు అనలేదు, థిన్నరు అనలేదు. ఇక్కడికొచ్చే వాళ్ళలో సగం మంది థిన్నరు అడుగుతారు.

యజమాని: నువ్వు పొద్దస్తమానం థిన్నర్‌లోనే చేతులు పెడతావుగా.

పెయింటరు: రంగు కలిపేదానికి పెడతా. రంగును పల్చన చెయ్యడానికి చేసిన నీళ్ళు అవి. ఆరిన రంగు మీద పోస్తే ఏం చేస్తాయి? కంపెనీ రంగు కొంచెం సేపు ఓర్చుకుంటాది. రీపెయింటులో పాత రకం ఎన్‌సీ రంగు వేసి ఉంటే గుడ్డకు తెల్లగా వచ్చేస్తాది, కింద ప్రైమరు కనపడ్తాది. అందుకే తెలియని రంగు మీద ఏది పెట్టాలన్నా ముందు డోరు లోపలి అంచున ఒక చుక్క పెట్టి చూస్తా. ఇంక పెట్రోలంటావా, అదో అక్కడ వెల్డింగు చూడు.

షెడ్డు మూల టింకరింగు కుర్రాడు ఒక మడ్‌గార్డుకు వెల్డింగు పెడుతున్నాడు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది, పైకి పోదు, నేల మీద పాకుతుంది. గుడ్డ తడిపిన చోట మంట లేకపోయినా పది అడుగుల అవతల రవ్వ ఉంటే చాలు. కిరోసిన్ మామూలు వేడిలో అంత తేలిగ్గా అంటుకోదు, పెట్రోలయితే నీళ్ళు గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. పైగా ఎండలో కాలిన రేకు మీద పోస్తే బంకను కరిగించేలోపే ఆవిరైపోయి, ఉన్న మరకను ఇంకా వెడల్పుగా పులుముతుంది. దాన్ని గెలుకుతూ మరింత పోస్తారు. ఇప్పటి పెట్రోలులో చెరకు నుంచీ ధాన్యం నుంచీ తీసిన ఇథనాల్ కూడా కలుస్తోంది. ఈ చుట్టుపక్కల రైతులకు అది మంచి వార్తేమో గానీ, ఏ రంగు మీద ఏం చేస్తుందో తెలియని మిశ్రమాన్ని బంపరు మీద పోయడానికి అది కారణం కాదు.

యజమాని: ఇదుగో, ఈ డోరు మీద జిగురు నూనెకు కదలడం లేదు. ఇప్పుడేం చేస్తావు?

పెయింటరు: అది వేరే బంక. పాతకాలపు గుడ్డ టేపులు, కొన్ని బ్రౌను టేపులది రబ్బరు బంక, నూనెకు, కిరోసిన్‌కు లొంగుతాది. ఇది అక్రిలిక్. దీనికి స్పిరిట్ కావాల. చేతులకు రాసుకునే శానిటైజరు ఉంది చూడు, ఆ జాతి. ఐసోప్రొపైల్‌ను సగం నీళ్ళతో కలిపి గుడ్డతో తుడుస్తా. రీపెయింటు డోరు గనక నానబెట్టను, పెట్టి తీస్తా, పెట్టి తీస్తా.

యజమాని: వెనక లైటు మీద కూడా ఉంది, దాన్నీ అలాగే తుడిచేయ్.

పెయింటరు: దాని మీద స్పిరిట్ పడనీయను. ఆ ఎర్ర ప్లాస్టిక్‌కు స్పిరిట్ తగిలితే లోపల సన్నటి పగుళ్ళు తేల్తాయి, గాజు విరిగినట్ల. ముందు హెడ్‌లైటు ఇంకో రకం ప్లాస్టిక్, దానికి థిన్నరు, పెట్రోలు పడవు. లైట్లకు నూనె, సబ్బునీళ్ళు, ఓపిక. అంతే.

యజమాని: ఓపిక నీ దగ్గర ఉంది, టైము నా దగ్గర లేదు. మరి ఈ ఫోము టేపు? వధూవరుల పేర్ల బోర్డు అంటించారు. ఇది రాయి.

డబుల్ సైడ్ ఫోము టేపు దగ్గర మాత్రం పెద్దాయన పైచేయి అయింది. పెయింటరు డ్రయ్యర్ పెట్టి వేడి చేస్తుంటే ఆయన బయటికి వెళ్ళి, నది దగ్గర చేపలు పట్టేవాళ్ళు వాడే గాలం దారం మూరెడు తెచ్చారు. రెండు చివర్లూ వేళ్ళకు చుట్టుకుని, బోర్డుకూ రేకుకూ మధ్య ఫోములో పెట్టి, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగారు. ఫోము మధ్యకు తెగి బోర్డు చేతిలోకి వచ్చింది. ఇనుము రేకుకు తగల్లేదు, రంగు మీద గీత పడలేదు. బండి అద్దెలకు తిప్పేవాడికి ఇలాంటివి తెలియకపోతే పూట గడవదు.

పెయింటరు: ఇది ఎక్కడ నేర్చినావు?

యజమాని: కంపెనీ పేరు అక్షరాలు ఊడదీయడానికి మా పాత డ్రైవరు చేసేవాడు. చూశావా, నీ షెడ్డు లేకుండా కూడా లోకం నడుస్తుంది.

పెయింటరు: ఇట్ల చేసేవాడివి కిరోసిన్, బ్లేడూ అంటివి ఎందుకు?

యజమాని: బ్లేడు ఎక్కడా పనికిరాదంటావా?

పెయింటరు: అద్దం మీద పనికొస్తాది. సబ్బునీళ్ళు చల్లి, కొత్త బ్లేడు వాలుగా పట్టి, ఒకే వైపు తోస్తే. ముందద్దం, పక్కద్దాలు. వెనకద్దం లోపలివైపు మాత్రం వద్దు.

యజమాని: అది నాకు చెప్పక్కర్లేదు. 2012లో సుప్రీంకోర్టు అద్దాల మీద నల్ల ఫిల్ములు ఉండకూడదందే, గుర్తుందా? ఏప్రిల్లో తీర్పు, మే నెల నుంచి పోలీసులు రోడ్ల మీద ఆపడం. నా బండ్లన్నింటికీ ఒకేసారి ఫిల్ములు పీకించాను. ఒకడు వెనకద్దాన్ని బ్లేడుతో గీకి, మంచు తుడిచే సన్న తీగలన్నీ తెంపేశాడు. చలికాలం తెల్లారుజామున వెనక ఏమీ కనపడేది కాదు.

పెయింటరు: వెనకద్దానికి నల్ల పాలిథిన్ కప్పి ఎండలో పెట్టి, లోపల సబ్బునీళ్ళు కొట్టి, మూల నుంచి మెల్లగా తీసుంటే తీగలు మిగిలేవి.

యజమాని: ఎండ వద్దన్నావుగా ఇందాక!

పెయింటరు: నాలుగు రోజుల ఎండ వద్దంటిని. అర్ధగంట ఎండను ఎవరు కాదన్నారు?

సాయంత్రానికి బానెట్టు శుభ్రమైంది. రీపెయింటు డోరు మీద ఒక అంగుళం మేర రంగు అంచు కొంచెం లేచింది. పెయింటరు దాన్ని దాచలేదు, పెద్దాయనా కోప్పడలేదు, బేరానికి మాత్రం వాడుకున్నారు. షాంపూతో కడిగాక చూస్తే, పాత టాక్సీ స్టిక్కరు ఊడదీసిన చోట చదరపు ముక్క ఒకటి చుట్టుపక్కల కన్నా తెల్లగా కనిపించింది. అది బంక కాదు, అన్నేళ్ళూ ఎండ తగలని రంగు. ఎంత రుద్దినా పోదు. పాలిష్ పెడితే చుట్టూ వెలిసిన పొర కొంచెం అరిగి తేడా తగ్గుతుంది. ఇలాంటి మరక చూసి థిన్నరు అందుకునేవాళ్ళను ఆపడం కష్టం.

యజమాని: రేపు హొసపేటలో పూలతను మళ్ళీ టేపే తెస్తాడు. వాడికి చెప్పినా వినడు.

పెయింటరు: రిబ్బనుకు డోరు హ్యాండిళ్ళు చాలు. బానెట్టు మీద గాలి పీడనంతో పట్టే రబ్బరు బుడ్డలు దొరుకుతాయి, బొకేకు అవి పెట్టమను. టేపు తప్పదంటే మాస్కింగ్ టేపు అంటించి దాని మీద వాడి టేపు అంటించమను. పెళ్ళి అయిన రాత్రే తీసెయ్యాల.

యజమాని: రాత్రి నీ షెడ్డు తెరిచి ఉంటుందా?

పెయింటరు: ఉండదు. నూనె నీ వంటింట్లో ఉంటాది, దారం నీ జోబులో ఉండాది.

యజమాని: కిరోసిన్ దొరికితే?

పెయింటరు: బానెట్టుకు పెట్టుకో. ఆ డోరుకూ బంపరుకూ మాత్రం పెట్టొద్దు. ఇంక లెక్క చూద్దాం, డోరుకు టచప్ కూడా రాసుకోనా?

యజమాని: డోరు నువ్వు లేపావు. ఎందుకు రాస్తావు?

పెయింటరు: లేచేట్ల వేసినోళ్ళు వేరే గదా పెద్దాయనా.